కంట్లో నీరు, పంట్లో వేరు

“ముసలిదైపోయింది, చూపు తగ్గింది. ఇందులో వింతేటి?” అన్నది మావయ్య వాదన.

“ముసలితనం అనేది జబ్బు పేరు కాదు. ఏ కన్ను, ఎందుకు, ఎంతవరకు పాడైందో చూడకుండా ఆ మాట అనకూడదు” అన్నది మేనకోడలి వాదన.

ఇద్దరి మధ్యా చాప మీద ఎనిమిదేళ్ల తెల్ల కుందేలు. దాని కుడి కంటి కింద బొచ్చు తడిసి అట్టకట్టింది. ఎడమ కంటి పాపలో తెల్లటి మచ్చ ఉంది.

వాదన మొదలైంది విశాఖపట్నం గాజువాకలో. మావయ్య ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆప్తాల్మిక్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాడు. కేంద్ర ప్రభుత్వం 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలుపెట్టాక ఊరూరా కంటి శిబిరాలు జరిగాయి. అలాంటి శిబిరాల్లో టార్చిలైటు పట్టుకుని ఏళ్ల తరబడి జనం కళ్లు చూసిన మనిషాయన. శుక్లం ఎంత ముదిరిందో చూడగానే చెప్పగలనని ఆయన నమ్మకం. మేనకోడలు పశువైద్యురాలు. కుక్కలు, పిల్లులే ఎక్కువగా వచ్చే క్లినిక్కులో కుందేళ్లను కూడా శ్రద్ధగా చూస్తుంది. వాళ్ల పేర్లతో మనకు పని లేదు. ఇద్దరి మాటలూ కుందేలు పెంచే ఏ ఇంట్లోనైనా వినబడేవే.

కుందేలు మావయ్య మనవరాలిది. హైస్కూల్లో ఉండగా ముచ్చటపడి తెచ్చుకుంది, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది. బాగా చూసుకుంటే ఇంటి కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. దాని చిన్నతనం పిల్లల చేతుల్లో గడిస్తే, ముసలితనం తాతయ్యా నానమ్మల చేతుల్లో గడుస్తుంది. కంటి చుక్కలు వేసే పనీ వాళ్లదే అవుతుంది.

“అరవై దాటిన మనిషికి శుక్లం రాదా అమ్మాయ్? దీనికీ వచ్చింది. మనిషి లెక్కన దీనికి డెబ్బై ఉంటాయి” అన్నాడు మావయ్య.

“ఎడమ కన్ను శుక్లమే కావచ్చు మావయ్యా. కుడి కంటి కథ వేరు. అక్కడ శుక్లం లేదు, చీముంది. రేపు పొద్దున్నే చల్లపూట క్లినిక్కుకి తీసుకురండి, మీ ఎదురుగానే చూస్తాను.”

మర్నాడు వాదన క్లినిక్కులో కొనసాగింది. కుందేలును తువ్వాల్లో చుట్టి బల్ల మీద పెట్టి, ఆమె కుడి కంటి లోపలి మూల కింద వేలితో మెల్లగా నొక్కింది. కింది రెప్ప లోపలున్న సన్నని రంధ్రంలోంచి తెల్లటి చిక్కటి చీము బయటికొచ్చింది.

“మనిషి కంట్లో కన్నీరు దిగిపోయే రంధ్రాలెన్ని మావయ్యా?”

“పై రెప్పకొకటి, కింది రెప్పకొకటి. శుక్లం ఆపరేషనుకి ముందు సిరంజితో కడిగి చూసేవాళ్లం కదా! నీళ్లు గొంతులోకి దిగితే దారి బాగున్నట్టు. వెనక్కి తంతే ఆపరేషను వాయిదా.”

“కుందేలుకు ఒక్కటే, కింది రెప్పలో. అక్కడి నుంచి ముక్కులోకి దిగేలోపు నాళం మలుపులు తిరిగి సన్నబడుతుంది. ఆ మలుపుల పక్కనే పై పళ్ల వేళ్లుంటాయి. వేరు కొంచెం వెనక్కి పెరిగినా నాళం నొక్కుకుపోతుంది. కన్నీరు నిలిచిపోతుంది. నిలిచిన చోట చీము పడుతుంది.”

“వేరు వెనక్కి పెరగడమేటి?”

ఆమె గోడకున్న పుర్రె బొమ్మ చూపించింది. కుందేలుకు ఇరవై ఎనిమిది పళ్లు. అన్నీ బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. పై ముందు పళ్లయితే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు. పీచున్న గడ్డిని రోజులో గంటల తరబడి నమిలితేనే పెరిగింది పెరిగినట్టు అరిగిపోతుంది. మెత్తటి మేత మీద బతికే కుందేలుకు ఆ అరుగుదల ఉండదు. పైపన్నూ కిందిపన్నూ ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి, ఇక పన్ను పెరగడానికి మిగిలేది వెనకవైపే. వేరు దవడ ఎముకలోకి, కంటి గూటి వైపు జరుగుతుంది. ఏళ్ల మీద జరిగే పని కాబట్టి బయటికి ముసలితనంలోనే తెలుస్తుంది. అందుకే చూసేవాళ్లు వయసు మీద నేరం మోపుతారు.

“సరే, నాళం మూసుకుంది. యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే పోదా?”

“పోర్టు కాల్వలో ఇసుక మేట వేస్తే డ్రెడ్జరు దింపాలి గానీ, ఒడ్డున కూర్చుని నీళ్లు చల్లితే ఓడ వస్తుందా మావయ్యా?”

తిమ్మిరి చుక్క వేసి, మొద్దు కొన ఉన్న సన్నని గొట్టాన్ని ఆ ఒక్క రంధ్రంలోకి దించి, గోరువెచ్చని సెలైను నెమ్మదిగా ఎక్కించింది. మొదట సిరంజి కదల్లేదు. కాస్త ఆగి మళ్లీ ఒత్తితే కుడి ముక్కు రంధ్రంలోంచి ముద్దగా చీము జారింది, తర్వాత మడ్డి నీరు, చివరికి తేట నీరు. మావయ్య పాత అలవాటు కొద్దీ టార్చి వేసి పట్టుకున్నాడు. “దారి వచ్చింది” అన్నాడు, తను చేసినంత తృప్తిగా.

“వచ్చింది, ఇవాళ్టికి. ఒక్కసారి కడిగితే తీరేది కాదు, మళ్లీ మళ్లీ కడగాలి. తల ఎక్స్‌రే తీసి వేరు ఎంత జరిగిందో చూడాలి. ఏం పెడుతున్నారు దీనికి?”

“క్యారెట్టు, క్యాబేజీ, కొట్లో దొరికే గింజల ప్యాకెట్టు. సాయంత్రం రెండు బిస్కెట్లు. కుందేలంటే క్యారెట్టే కదా?”

“క్యారెట్టు దుంపలో తీపి ఎక్కువ, పీచు తక్కువ. అది పండగకి పెట్టే తాయిలం, రోజూ పెట్టే భోజనం కాదు. తినేదాంట్లో నూటికి ఎనభై పాళ్లు గడ్డి ఉండాలి. వినాయక చవితికి కట్టలు కట్టి అమ్మే గరికే దీనికి అమృతం. గిన్నిగడ్డి, నేపియర్ గడ్డి లేతవి పెట్టొచ్చు. నీడన ఆరబెట్టి దాచుకోవచ్చు కూడా. అయితే రోడ్డు పక్కది కోయొద్దు. పారిశ్రామిక వాడల్లో దుమ్ము ఆకు మీద పేరుకుంటుంది. కుక్కలు తిరిగే చోటుదీ వద్దు.”

“ఎనిమిదేళ్లు ఇదే తిని బతికింది కదమ్మా.”

“బతికింది. ఈ నొప్పిని కూడబెట్టుకుంటూ బతికింది.”

మావయ్య దానికి జవాబు చెప్పలేదు గానీ, జేబులోంచి ఒక సీసా తీశాడు. ఏడాది కిందట తన శుక్లం ఆపరేషను తర్వాత మిగిలిన చుక్కల మందు. “పోనీ, వాపు తగ్గడానికి ఇది వెయ్యనా? కన్ను ఎవరిదైనా కన్నే.”

ఇక్కడ ఆమె గొంతు పెంచింది. “దాన్లో స్టిరాయిడ్ ఉంది. ముందు కంటి నల్లగుడ్డు మీద పుండు లేదని తేల్చాలి.”

ఫ్లోరసీన్ కాగితపు ముక్కను తడిపి కుడి కంటి రెప్పకు తాకించి, గదిలో దీపాలార్పి నీలి లైటు వేసింది. నల్లగుడ్డు కింది అంచున సన్నని పచ్చటి గీత మెరిసింది. పై పొర చిరిగిన చోటల్లా ఆ రంగు పట్టుకుంటుంది. ఎండు గడ్డి పుల్ల గుచ్చుకుని ఉండొచ్చు, చీము ఒరుసుకుని ఉండొచ్చు. మనిషి నిమిషానికి పదిహేనుసార్లు దాకా రెప్ప వేస్తాడు. కుందేలు గంటకు పది పన్నెండుసార్లు వేస్తే ఎక్కువ. పడిన నలుసు అక్కడే ఉండిపోవడానికి అదొక కారణం.

“పుండు మీద స్టిరాయిడ్ వేస్తే కరిగి రంధ్రం పడుతుంది. మా దగ్గరా వెయ్యరు” అని మావయ్యే ఒప్పుకున్నాడు. సీసా జేబులోకి వెళ్లిపోయింది.

“అంతే కాదు మావయ్యా. స్టిరాయిడ్‌కి కుందేలు ఒళ్లు చాలా తొందరగా లొంగుతుంది. కంట్లో వేసిన చుక్క కూడా ఒంటికి పట్టి రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. పాప విచ్చుకోవడానికి మీరు వేసే అట్రోపిన్‌ను కొన్ని కుందేళ్ల రక్తంలోని ఎంజైము విరగ్గొట్టేస్తుంది, మందు అనుకున్నంతగా పనిచెయ్యదు. ఇక పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ ఉంది చూడండి, అది నోట్లో పోస్తే పేగుల్లో ఉండాల్సిన సూక్ష్మజీవులు చచ్చి కుందేలే చచ్చిపోవచ్చు. కన్ను ఎవరిదైనా కన్నే అన్నారు. కానీ మందు ఎవరిది వాళ్లదే.”

తర్వాత ఎడమ కన్ను. మావయ్య ముందే తీర్పు చెప్పేశాడు. “ఇది మాత్రం నా శుక్లమే.”

ఆమె భూతద్దం కింద చూడమంది. తెలుపు పాప వెనకే ఆగిపోలేదు. ముందుకు పొంగి పాప చుట్టూ ఉండే పొర మీద చిన్న తెల్లటి గడ్డగా కూర్చుంది. పాప కుంచించుకుపోయి ఉంది. కంటి చుట్టూ ఎరుపు.

“కటకం పగిలింది” అన్నాడు మావయ్య, ఈసారి నెమ్మదిగా. “బాగా ముదిరిన శుక్లం కారి లోపల మంట పెట్టడం నేను చూశాను.”

“ఇక్కడ ముదిరి పగల్లేదు. లోపల పరాన్నజీవి చేరి పగలగొట్టి ఉంటుందని నా అనుమానం. ఎన్‌సెఫలిటోజూన్ క్యునిక్యులై దాని పేరు. 1922లో అమెరికాలో కాళ్లు పడిపోయిన కుందేలు పిల్లల్లో మొదట గుర్తించారు. తల్లి కడుపులో ఉండగానే పిల్ల కంటి కటకంలోకి చేరగలదు. కటకం పొర అప్పటికి ఇంకా పల్చన. అక్కడ చాలాకాలం దాగి ఉంటుంది, ఒకరోజు పొర చీలిపోతుంది. కటకం పదార్థం బయటికొస్తే ఒళ్లు దాన్ని పరాయి వస్తువనుకుని మీద పడుతుంది. ఇది ఎక్కువగా చిన్న వయసు కుందేళ్లలోనే చూస్తాం. రెండేళ్లదానికీ రావచ్చు, ఎనిమిదేళ్లదానికీ రావచ్చు. ఇప్పుడు చెప్పండి, ముసలితనం అంటారా?”

“రక్తపరీక్షలో తేలుతుందా?”

“సగమే. 2006లో బ్రిటన్‌లో ఆరోగ్యంగా కనిపిస్తున్న 97 పెంపుడు కుందేళ్ల రక్తం చూస్తే 52 శాతానికి దీని యాంటీబాడీలున్నాయి. అంటే ఎప్పుడో సోకింది అని మాత్రమే తెలుస్తుంది, జబ్బు ఇప్పుడు దానివల్లే అని కాదు. పరీక్షలో లేదని వస్తే మాత్రం ఈ అనుమానం చాలావరకు తీరుతుంది. పరీక్ష, కన్ను, ఒంటి తీరు మూడూ కలిపి చూడాలి. తల ఒక పక్కకి వాలిందా, వెనక కాళ్లు తడబడుతున్నాయా అని కూడా.”

మందు ఉంది. నులిపురుగులకు వాడే ఫెన్‌బెండజోల్‌ను సాధారణంగా 28 రోజులు, బరువును బట్టి లెక్కగట్టి ఇస్తారు. కొన్ని కుందేళ్లలో అది ఎముక మజ్జను దెబ్బతీస్తుంది కాబట్టి రక్తం మీద కన్నేసి ఉంచాలి. దాంతోపాటు కంటి మంటకు, నొప్పికి మందులుండాలి. ఈ పరాన్నజీవి కుందేలు మూత్రంలో బయటికొస్తుంది, బయట వారాల తరబడి బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనుషులకు భయం తక్కువ. ఇంట్లో కీమోథెరపీ తీసుకునేవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఉంటే పెట్టె శుభ్రం చేసే పని వాళ్లకు అప్పగించకూడదు. మిగతావాళ్లు చేతులు కడుక్కుంటే చాలు.

ఇక్కడిదాకా ఆమె మాటే నెగ్గుతూ వచ్చింది. ఆపరేషను మాట రాగానే ఇద్దరూ స్థానాలు మార్చుకున్నారు.

“అయితే ఆ పగిలిన కటకం తీసేయండి!” అన్నాడు మావయ్య ఉత్సాహంగా. “మా రోజుల్లో శిబిరంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరసగా చేసేవారు. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని వచ్చిన ముసలమ్మ, మర్నాడు కట్టు విప్పగానే మనవడి మొహం చూసి ఏడ్చేది. ఇప్పుడు హనుమంతవాకలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, 2006 నుంచి మన ఊళ్లోనే. మనిషికి ఇంత సులువైనది కుందేలుకు ఎందుకు కాదు?”

“మనిషి కదలకుండా పడుకుంటాడు మావయ్యా. కన్ను ఒక్కటీ తిమ్మిరి చేస్తే సరిపోతుంది. కుందేలుకు పూర్తి మత్తు ఇవ్వాలి. బ్రిటన్‌లో పెద్ద అధ్యయనం ఒకటి 2008లో అచ్చయింది. మత్తు కారణంగా చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం, కుందేళ్లలో 1.39 శాతం. ఒంట్లో బాగాలేని కుందేళ్లను విడిగా తీస్తే ఆ లెక్క 7 శాతం దాటింది. పంటి జబ్బుతో, కంటి పుండుతో ఉన్న దీన్ని ఏ లెక్కలో వేస్తారు?”

“మరి అసలు చెయ్యకూడదంటావా?”

“చెయ్యొచ్చు. కన్ను ప్రశాంతంగా ఉండి, కుందేలు గట్టిగా ఉండి, చేసే చేయి అలవాటున్నదైతే చెయ్యొచ్చు. పగిలిన కటకాన్ని తొందరగా తీస్తే కన్ను నిలబడ్డ సందర్భాలూ ఉన్నాయి. కానీ కుందేలు కటకంలో మిగిలిన కణాలు మళ్లీ పెరిగి చూపుకి అడ్డం పడతాయి. జంతువుల కళ్లకు ప్రత్యేక విభాగం కావాలంటే నాకు తెలిసిన పెద్ద చోటు చెన్నైలో మద్రాసు వెటర్నరీ కళాశాల, 1903 నాటిది. ఇక్కడి నుంచి 800 కిలోమీటర్లు. ముప్పై డిగ్రీలు దాటితేనే రొప్పే ప్రాణిని వేసవిలో అంతదూరం తీసుకెళ్తామా?”

“ఇంత వెనకాడితే వైద్యం ఎందుకమ్మా? నువ్వు నిన్న నన్ను వయసు మీద తోసెయ్యొద్దన్నావు. ఇవాళ నువ్వే మత్తు మీద తోసేస్తున్నావు.”

ఆ మాటలో బలముంది. ఆమె కాసేపు ఆలోచించి, ఒప్పుకోవలసింది ఒప్పుకుంది. భయం పేరుతో ఏమీ చెయ్యకపోవడం కూడా నిర్లక్ష్యమే. అందుకే కంటి ఒత్తిడి కొలిచింది. కుందేలుకు మామూలుగా సుమారు 10 నుంచి 20 ఉండాలి, ఇది పైఅంచున ఉంది. మంట ఆగకపోతే నీటికాసులుగా మారుతుంది. న్యూజిలాండ్ వైట్ జాతిలో ఆ జబ్బు వంశపారంపర్యంగానూ వస్తుంది, అయితే అది నెలల పిల్లగా ఉన్నప్పుడే కన్ను పెద్దదై బయటపడుతుంది. ఈ కుందేలుది ఆ రకం కాదు. నాలుగు వారాలు మందు వాడి, వారం వారం ఒత్తిడి చూడాలి. తగ్గకపోతే, చూపూ లేక నొప్పీ తగ్గని కన్నును తీసెయ్యడమే మేలు. ఆ ఆపరేషనూ చిన్నది కాదు. కుందేలు కనుగుడ్డు వెనక పెద్ద రక్తనాళాల గుంపు ఉంటుంది, చేయి తప్పితే రక్తం ఆగదు. అయినా అప్పుడు వెనకాడనని మాట ఇచ్చింది.

మావయ్యకు ఇంకో అభ్యంతరం ఉంది, ఆయన దాచుకోలేదు. “ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, వారం వారం ఫీజులు. ఊళ్లల్లో చుక్కల మందుకి లేనివాళ్లని చూసినవాణ్ని నేను. ఒక కుందేలు మీద ఇంత ఖర్చు పెట్టడం న్యాయమా?”

“మీరు చూసిన ఊళ్లకు నేను దండం పెడతాను మావయ్యా. కానీ మనుషుల కళ్లకు కుందేలు కళ్లు చేసిన సేవ కూడా చూడాలి. 1944లో అమెరికాలో జాన్ డ్రెయిజ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పరీక్ష పెట్టారు. మనుషులు వాడే పదార్థం కంటికి ఎంత హాని చేస్తుందో తెలుసుకోవడానికి దాన్ని తెల్ల కుందేలు కంట్లో వేసి చూడటం. కళ్లు పెద్దవి, నెమ్మదైన జంతువు, రెప్ప వేయడం తక్కువ. అందుకే దీన్ని ఎంచుకున్నారు. దశాబ్దాల పాటు షాంపూల దగ్గర్నుంచి రసాయనాల దాకా ఆ కళ్ల మీదే చూశారు. మన దేశం సౌందర్య సాధనాలకు జంతువుల మీద పరీక్షలను 2014లో నిషేధించింది. అప్పటిదాకా ఆ బాధ పడినవి ఇవే తెల్లవి, ఇవే ఎర్ర కళ్లు. ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఇంటికి తెచ్చుకున్న ప్రాణికి నొప్పి తగ్గించే ఖర్చు దండగ ఖర్చు కాదు.”

“నేను దండగనలేదు. ముందు మనిషి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను.”

“తీసుకోవద్దు. మనిషి తర్వాతైనా దీని వంతు రావాలి, అంతే.”

మందుల చీటీ రాస్తూ ఆమె రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేయాలంది. మావయ్య చేతులు చాపి చూపించాడు. వేళ్లు వణుకుతున్నాయి. “మీ అత్తయ్యకి మోకాళ్లు వంగవు. నాకు చేతులు నిలవవు. చీటీలో రాయడం తేలికే. వేసేదెవరు?” ముసలి కుందేళ్ల వైద్యంలో పుస్తకాలు పెద్దగా పట్టించుకోని ప్రశ్న ఇది. ఆమె చీటీ చించి మళ్లీ రాసింది. రోజుకు రెండుసార్లు వేసినా చాలే మందులకు మార్చింది. నోటి మందు సిరంజిలో ఎలా పట్టాలో, దవడ పక్కనుంచి కొద్దికొద్దిగా ఎలా పోయాలో చేసి చూపించింది. కుందేలును వెల్లకిలా పడుకోబెట్టొద్దంది. ఎత్తైన బల్ల మీద కాకుండా నేల మీదే కూర్చోబెట్టి వెయ్యమంది, ఎందుకంటే బెదిరి దూకితే వెన్నెముక విరగవచ్చు.

“సరే, ఇంత చేశాక ఎడమ కంటికి చూపు వస్తుందా?”

“రాకపోవచ్చు.”

“కుడిది కూడా పోతే? కళ్లు లేని బతుకు దానికెందుకు? నిద్రపుచ్చెయ్యడం దయ కాదా?”

ఇద్దరి మధ్యా అసలు తేడా ఇక్కడ ఉంది. మావయ్య జీవితమంతా చూపును తిరిగి తేవడం మీదే గడిచింది. చూపు రాకపోతే ఓడిపోయినట్టే ఆయనకు. మేనకోడలు లెక్క వేరు. కుందేలుకు చూపు ప్రధానంగా కాపలా పని చేస్తుంది. కళ్లు తలకు రెండు పక్కలా, పైకి ఉంటాయి. దాదాపు చుట్టూ 360 డిగ్రీలూ కనబడుతుంది. ముక్కు కింద మాత్రం కనబడదు. నోటి దగ్గరికొచ్చిన ఆకును ఏ కుందేలైనా పెదవులతో, మీసాలతో, వాసనతోనే కనిపెడుతుంది. రంగుల్లో నీలం, ఆకుపచ్చ తెలుస్తాయి, ఎరుపు తెలియదు. ఎర్ర కళ్ల తెల్ల కుందేళ్లకు కంట్లో రంగు పదార్థం లేక చూపు మొదట్నుంచీ తక్కువే. అవి తల అటూ ఇటూ ఊపుతూ చూస్తాయి. దాన్ని గుడ్డితనం అనుకోకూడదు. చెవులు, ముక్కు, మీసాలు బాగున్న కుందేలు తెలిసిన ఇంట్లో చూపు లేకుండానూ తిరగగలదు.

“చూపు పోవడం వేరు, నొప్పి వేరు మావయ్యా. నొప్పి తీసేసి, చూపు లేకపోయినా బతకనివ్వడం నా పని. తింటోందా, ఒళ్లు శుభ్రం చేసుకుంటోందా, పక్కకు ఒరిగి విశ్రాంతిగా పడుకుంటోందా, పిలిస్తే చెవి తిప్పుతోందా అని చూడండి. ఇవున్నంత కాలం దానికి బతుకుంది. ఇవి పోయి, మందులు వేసినా నొప్పి తగ్గకపోతే, దవడ చీముగడ్డ కంటి వెనక్కి పాకి లొంగకపోతే, అప్పుడు మీరనే దయ నేనే చేస్తాను.”

చూపు ఎంతుందో ఇంట్లో తెలుసుకునే పద్ధతీ చెప్పింది. కంటి ముందు చేయి ఆడిస్తే రెప్ప వేయలేదని గుడ్డిదని తేల్చకూడదు, చూపు బాగున్న కుందేళ్లూ చాలాసార్లు వెయ్యవు. చేయి ఆడితే గాలికి మీసాలు కదిలి మోసం చేస్తాయి కూడా. చప్పుడు చెయ్యని దూది ఉండను ఒక పక్కనుంచి కింద పడేసి తల తిప్పుతుందేమో చూడాలి. ఒక కుర్చీ జరిపి, దానికి తగులుతుందేమో చూడాలి. గోడ పట్టుకుని నడవడం, ఎక్కే మెట్టు ఎక్కకపోవడం, ముట్టుకోగానే ఉలిక్కిపడి కరవబోవడం చూపు తగ్గుతోందనడానికి గుర్తులు. కోపం వచ్చిందనుకునేది చాలాసార్లు భయమే.

చూపు తగ్గిన కుందేలున్న ఇంట్లో సామాను జరపకూడదు. నీళ్ల గిన్నె, గడ్డి, మలమూత్రాల పళ్లెం ఉన్న చోటే ఉండాలి. పళ్లెం అంచు పొట్టిగా ఉండాలి. నున్నటి గచ్చు మీద చాపలో, గోనెపట్టాలో పరవాలి. ముట్టుకునే ముందు పిలవాలి, ఎప్పుడూ ఒకే మాటతో. మూత్రం నిలవుంటే వచ్చే అమ్మోనియా ఘాటు కంటిని మండిస్తుంది, పెట్టె రోజూ మార్చాలి. విశాఖ ఉక్కపోతలో బొచ్చు తడిసి ఆరకపోతే పుళ్లు పడతాయి కాబట్టి కంటి కింద రోజూ మెత్తటి గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. కలిసి పెరిగిన ఇంకో కుందేలు ఉంటే విడదీయకూడదు. చూపు లేనిది దాని అడుగుల చప్పుడు వెంట తిరుగుతుంది.

మావయ్య ఇవన్నీ చీటీ వెనక రాసుకున్నాడు. రాసుకున్నా తన మాట మార్చుకోలేదు. “రెండు కళ్లూ పోతే మళ్లీ మాట్లాడుకుందాం. నా అభిప్రాయం నాకుంది.” ఆమె కూడా తనది మార్చుకోలేదు. ఒప్పందం మాత్రం కుదిరింది. నాలుగు వారాలు మందులు, గరిక, వారానికోసారి కంటి ఒత్తిడి. ఆ తర్వాతే ఎడమ కంటి మీద నిర్ణయం.

వీళ్ల వాదనలో ఎవరు నెగ్గారన్నది పక్కన పెడితే, ముసలితనం అన్న మాటతో మొదలైన ఒకే కుందేలులో పంటి వేరు, నల్లగుడ్డు పుండు, పగిలిన కటకం మూడూ బయటపడ్డాయి. మొదటిది గడ్డితో చాలావరకు రాకుండా ఆపగలిగేదే. రెండోదానికి మందుంది. మూడోదాన్ని ముందే చూసి ఉంటే ఆ కన్ను దక్కే అవకాశం ఎక్కువగా ఉండేది. ఏ ఒక్కటీ వయసు ఖాతాలో రాయదగ్గది కాదు.

మీ ఇంట్లో అయిదేళ్లు దాటిన కుందేలుంటే ఆరు నెలలకోసారి కుందేళ్లను చూసే పశువైద్యుల దగ్గర పళ్లు, కళ్లు రెండూ చూపించండి. ఒక కన్ను ముందుకు పొంగితే కంటి వెనక చీముగడ్డ ఉందేమోనని, రెండూ పొంగితే ఛాతీలో గడ్డ ఉందేమోనని వెంటనే చూపించాలి. ఇంట్లో మిగిలిన చుక్కలు వెయ్యకండి. కన్ను మూసుకుని మూల నక్కి, పన్నెండు గంటలుగా మేత ముట్టకపోతే తెల్లారేదాకా ఆగకండి. కుందేలు పేగులు ఖాళీగా ఆగితే ప్రాణం పోవడానికి ఒక రోజు చాలు.